నీ ఆవు చచ్చింది

రాజధాని నుంచి తెప్పించిన ఎక్కాల పటం
మొదటి వారంలోనే అందర్నీ నిద్రపుచ్చింది.
తప్పు పటానిది కాదు.
తెల్లారకముందే గొర్రెల్ని కొండెక్కించి
పొద్దు గుంకాక దించుకొచ్చిన పిల్లలు.
భుజాన దుప్పటి, కాళ్లకు రబ్బరు బూట్లు,
మోకాళ్ల మధ్య చేతికర్ర.
కిరసనాయిలు దీపం చుట్టూ పదకొండు మంది,
గుమ్మం బయట పదకొండు కుక్కలు.

"మూడు నాలుగులు?" అంటాను.
పొయ్యిలో పిడక చిటపటమంటుంది.
అదొక్కటే జవాబు.

పాట కట్టాను. చప్పట్లు కొట్టించాను.
సరిగ్గా చెప్పినవాడికి ఉడకబెట్టిన గుడ్డు అన్నాను.
గుడ్డు కోసం రెండు రాత్రులు మేలుకున్నారు,
మూడో రాత్రి గుడ్డు తిని పడుకున్నారు.

ఆ తర్వాత సుద్దముక్కలు మాయం కాసాగాయి.
లెక్కపెట్టి తాళం వేస్తాను,
పాఠం అయ్యేసరికి ఒకటి తక్కువ.
దొంగను పట్టాలని ఆదివారం
లెసోతో చలిగాలికి ఎదురీదుతూ కొండెక్కాను.

బల్లపరుపు బండ మీద
చదరంలో చదరం, అందులో ఇంకో చదరం,
మూలలు కలుపుతూ గీతలు.
నా సుద్దే.
అటు పన్నెండు గులకరాళ్లు,
ఇటు పన్నెండు మొక్కజొన్న గింజలు.
రాయిని రాయి అనరు, గింజను గింజ అనరు.
ఆవు అంటారు.
మూడావులు వరసగా నిలిస్తే దాడి,
ఎదుటివాడి మందలో ఒకటి చస్తుంది.

తరగతిలో పెదవి విప్పని మోత్లాలెపూలా
(వానతో వచ్చినవాడని ఆ పేరుకర్థం)
నన్ను చూసి సుద్ద దాచలేదు.
"కూర్చో, అమ్మా" అని దుప్పటి కొంగుతో బండ దులిపాడు.

ఓడాను. మళ్లీ ఓడాను.
మూడోసారి నా మందంతా ఖాళీ.
"ఎలా కొట్టావురా?"
జవాబు తెలియకుండా నేనడిగిన
మొదటి ప్రశ్న అదేనేమో.
వాడి ముఖం వెలిగింది.
"ఇక్కణ్ణుంచి అక్కడికి... కాదు,
దాని పక్కదానికి, ఆ పైదానికి కాదు..."
వేలు తిరుగుతోంది, మాట చాలడం లేదు.

"చోటుకో పేరు పెడదామా?" అన్నాను.

నిలువు గీతకో అక్షరం, అడ్డ గీతకో అంకె.
మర్నాటి రాత్రి ఎవడూ కునుకు తీయలేదు.
లోయకవతలి పశువుల కొట్టంలో లెరెకో ఉన్నాడు.
ఎప్పుడో రెండేళ్లు చదివాడట,
ఆటలో అందరిలోకీ మొనగాడు,
మా బడికి రాలేనంత దూరం.
వాడితో ఆడాలంటే ఎత్తు రాసి పంపాలి.
పిండిబస్తాలు మోసే గాడిద మీద
వెళ్లింది మొదటి చీటీ:
"బి-4".
నాలుగు తిరగేసి రాశాడు. పోనీ.

ఐదో రోజుకు జవాబు, బొగ్గుతో.

ఇక చీటీలే చీటీలు.
ఎవడికెన్ని మిగిలాయో కూడికలు,
ఎన్ని పోయాయో తీసివేతలు, తగువులు.
మూడు నాలుగులు పన్నెండని
వాళ్లకు ముందునుంచీ తెలుసు,
అది వాళ్ల మంద.
తెలియనిది నాకే.

ఒక చీటీలో మటుకు
ఎత్తు కింద వంకరటింకరగా ఇంకో రెండు ముక్కలు:
"నీ ఆవు చచ్చింది.
నీ కుంటి గొర్రె ఈనిందా?"

ఆ రెండోది నేను నేర్పలేదు.
చీటీ మడిచి ఇచ్చేశాను,
దీపం వత్తి సరిచేసే నెపంతో అటు తిరిగాను.

తనిఖీకి వచ్చినాయన ఎక్కాల పటం ఏదన్నాడు.
పగిలిన కిటికీకి అంటించాను, చూపించాను.
చలిని బాగా ఆపుతోంది.

జూన్‌లో మంచు పడింది. కనుమ మూసుకుపోయింది.
గాడిదలు కదలవు, మూడు వారాలుగా చీటీ లేదు.
ఎత్తు వంతు లెరెకోది.
అయినా మోత్లాలెపూలా
రోజూ రాత్రి ఏదో రాసి
టోపీ మడతలో దాచుకుంటున్నాడు.

"వంతు నీది కాదుగా, ఏం రాస్తున్నావు?"
వంగి చూడబోయాను.

కాగితం మీద అరచెయ్యి కప్పేశాడు.
"నీకు కాదు, అమ్మా."