రివర్స్ గేరు లేనిది

బోలక్‌పూర్ తుక్కులో కిలో లెక్కన దొరికింది ఇంజను,
టూ స్ట్రోక్, డర్ట్ బైకుది.
కిక్కు కొడితే తిరిగి నా అరికాలినే తన్నింది.
"ప్రాణముంది" అన్నడు గౌసుద్దీన్.

క్వాడ్ చాసిస్ శామీర్‌పేట రిసార్టుది.
పాత ఇంజను దింపినంక
పళ్లూడిన నోరోలె ఉండె.

ఏ బోల్టూ ఏ తూటునూ గుర్తుపట్టలే.
మౌంటు ప్లేటు కొలతకు అట్ట లేక
పెళ్లికార్డు కత్తిరించినం,
వధువు పేరు సగం ప్లేటు మీద, సగం చెత్తల.
ఎవరిదో. మేం పోనే లేదు.

చెయిను వరుస పావంగుళం పక్కకు.
పావంగుళమే గదా అన్న.
"పావంగుళమే తెంపేది" అని
వెల్డింగంతా కోసి మళ్ల మొదలుపెట్టిండు
రాత్రి పదకొండింటికి,
చాయ్ మీద మీగడ కట్టంగ.

సైలెన్సరు పొట్ట ఫ్రేముకు తగిలితే
సుత్తితో బుజ్జగించినం.

పదిహేడో కిక్కుకు
గల్లీ అంత నీలిపొగ,
పైనింటి తడి చీరలు, దగ్గు, తిట్లు.
గౌసుద్దీన్ నవ్వలే. తల వంచి విన్నడు.
"జెట్టు చిన్నగైంది."

మోరీ కాడ దారి అయిపోయింది.
ఇద్దరం దిగి
వెనక్కి నూకుకుంట తెచ్చినం,
టిక్కుటిక్కుమని చల్లారుతున్నదాన్ని.