మెడ కింద పోస్టుకార్డు ముక్క

సెరంగో బస్సు దిగి వచ్చాడు ఇమ్మానుయేల్ గమాంగో,
దుప్పట్లో చుట్టిన గిటారు చంకలో పెట్టుకుని.
"హార్మణీ పెట్టెలు బాగుచేసే అపా మీరేనా?"
నేనే.
"ఇది బేసు. దీనికి మెట్లు లేవు."

ఒకప్పుడు ఉండేవి. బరంపురంలో ఎవడో
పటకారుతో పీకి, గాళ్లలో పచ్చటి లప్పం కూరి
నాలుగువేల ఎనిమిదొందలకి అంటగట్టాడు.
తీగల కింద ఎలుక దూరి పోవచ్చు, అంత ఎత్తు.
"నొక్కితే ఏళ్లు తెగిపోతన్నాయి."

ఇలాంటిది నేనెప్పుడూ ముట్టుకోలేదు.
నాకు తెలిసింది గాలి, ఇత్తడి రీడు, తోలు.
అయినా కర్ర కర్రే, వంకర వంకరే.
మెడని కంటికి ఆనించి వాకిలి వెలుగులోకి చూశాను:
నడుమ పల్లం.

మెడలో ఇనపకడ్డీ ఉంటుందట.
ఆరు పలకల తాళం సైకిలు కొట్టులో అరువు తెచ్చి
పావు చుట్టు తిప్పాను. ఆగాను.
కర్ర మన మాట వినడానికి ఒక రాత్రి పడుతుంది
అనేవాడు నాన్న.
రాత్రంతా ఆగింది గిటారు. గుంటడూ ఆగాడు,
కొట్టు అరుగు మీద
ఆదివారం పాటల పుస్తకం తలకింద పెట్టుకుని.

పొద్దున్న మెడ విప్పి
అడుగున పోస్టుకార్డు ముక్క పెట్టాను.
నౌపడా నుంచి పెదనాన్న రాసింది,
"ఉభయకుశలోపరి" దాకా కత్తిరించి.
మిగతాది డ్రాయర్లోనే ఉంది. అందులో బాకీ సంగతి.

తీగలు దిగాయి. రెండుచోట్ల ఇంకా బుర్రుమంటోంది.
గరుకు కాగితం, గాజుపలక, తడిగుడ్డ,
మళ్లీ గరుకు కాగితం.
పైన సూపర్‌గ్లూ పూతలు, కళ్లు మండేదాకా.

తల దగ్గర ప్లాస్టిక్ ముక్క విరిగింది.
కొమ్ముపని చేసే బిచిత్ర మహారణా ఇంటికి వెళ్లాం.
కొంగలు, నెమళ్లు, మీసాలింకా అతకని రొయ్య,
వాటి మధ్య నుంచి గేదెకొమ్ము తునక తీసి
ఎన్ని గాళ్లని ఒడియాలో అడిగాడు.
తెలుగులో చెప్పాను. గుంటడు సవరలో ఏదో గొణిగాడు.
రంపం ఎవరికోసమూ ఆగలేదు.
కాలిన వెంట్రుకల వాసన.
డబ్బులొద్దన్నాడు, రొయ్యకి మీసాలు పెట్టిపొమ్మన్నాడు.
పెట్టాం. ఒకటి వంకరొచ్చింది.

సాయంత్రం శ్రుతి.
నా పెట్టెలో స్వరానికో మెట్టు, ఎవరి గదిలో వాళ్లు.
స పట్టుకుని తోలు తిత్తి తోస్తున్నాను.
మూడు తీగలు మరలు తిప్పితే దారికొచ్చాయి.
లావు తీగ మర అరిగిపోయింది, కదలదు.
"గీత మీదే పెట్టానుగా అపా."
గీత మీదే పెట్టాడు. స్వరం అక్కడ లేదు.
దీనికి గీత చూడకు, కళ్లు మూసుకో అన్నాను.

వేలు జారింది.
నా రీడూ వాడి తీగా ఒకదాన్నొకటి తోసుకుంటూ
గబగబా కొట్టుకున్నాయి, నెమ్మదించాయి,
ఒక కొట్టు, చాలాసేపటికి ఇంకొకటి,
ఆ తర్వాత లేదు.
చెక్క బల్ల కింద నా అరికాళ్లకి తెలిసింది.

గుంటడు అక్కడ ఆగలేదు. నా స మీద
గ వెతుక్కుంటూ పోయి ఒకచోట నిలబెట్టాడు.
అంత తీపి గ ఈ కొట్టులో పుట్టలేదు.
నా గ నొక్కాను, తోడుగా.
మళ్లీ కొట్టుకోవడం మొదలు.
"మీది కొంచెం పైకుంది" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

మూడొందలిచ్చాడు. యాభై వెనక్కిచ్చాను, బస్సుకి.

ముప్పయ్యేళ్లుగా ఎన్ని పెట్టెల్లో
ఎన్ని గలు గీకి ఇచ్చానో!
రీడు కొన దగ్గర గీకితే స్వరం ఎక్కుతుంది,
మొదట్లో గీకితే దిగుతుంది.
దీపం దగ్గరకి జరిపి గ రీడు విప్పాను.
ఆకురాయి చేతిలో ఉంది.
ఇంకా ఆనించలేదు.