నడిమి రకం

పంటు ఇంకా అవతలి రేవులోనే ఉంది.
సఖినేటిపల్లి ఒడ్డున ఇటుకల లారీ ఒకటి
ఎక్కలేక ఎక్కుతోంది.
ఈలోగా బ్యాంకు కుర్రాడు ఫణీంద్ర
తన బండి సీటు మీద కాగితాలు పరిచి
మూడు కార్డుల బొమ్మలు చూపించాడు.

ఒకటి ఊరికే ఇస్తారట.
ఊరికే వచ్చేదాని సంగతి నాకు తెలుసు,
దారం కొంటే కొసరిచ్చిన సూది
మూడో వరుసకే వంగుతుంది.
ఇంకోటి నల్లగా, బరువుగా,
ఏడాదికి యాభై వేలు అడుగుతుంది.
వందెకరాల రొయ్యల చెరువులున్న వాళ్ళ జేబుకది.
"మీకు మధ్యదండి, సువార్త గారూ,
ఏడాదికి మూడు వేలే" అన్నాడు.

మూడు వేలే!
నా లెక్కలో అది పన్నెండు టేబుల్ మ్యాట్లు,
నలుగురు ఆడవాళ్ళు వారం పాటు వంచిన మెడలు.
"చెప్పు నాయనా, పంటు వచ్చేదాకా టైముంది" అన్నాను.

దారానికీ కొరియరుకీ ఢిల్లీ స్టాలు అద్దెకీ
ఎలాగూ పోయే డబ్బే.
ఎలాగూ సముద్రంలోకి పోయే నీళ్ళే,
దారిలో ఓ తూము పెడితే
ఓ మడి తడుస్తుంది కదా.
అదొక్కటీ వెంటనే అర్థమైంది.

నిరుడు కొలంబో ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు
పాత కార్డు గీకిన ప్రతిసారీ
నూటికి మూడున్నర ఎవడో కొరుక్కున్నాడు.
ఇంటికొచ్చి బిల్లు చూస్తే గానీ తెలియలేదు.
ఇది అందులో సగమే కొరుకుతుందట.
వెళ్ళేటప్పుడు హైదరాబాదులో నాలుగు గంటలు
లేసు పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని
రెండొందల టీ తాగకుండా కూర్చున్నాను.
అద్దం తలుపు వెనక ఎవరో వేడి ఉప్మా తింటున్నారు.
మూడు నెలలకోసారి ఆ తలుపు నాకూ తీస్తారట.

పెట్టె పోతే డబ్బిస్తారట.
"నూకరత్నం నాలుగు నెలలు అల్లిన బల్లగుడ్డకి
ఎంతని రాస్తారు?" అన్నాను.
ఫణీంద్ర తల గోక్కుని పేజీ తిప్పాడు.

గడువు దాటితే మాత్రం నెలకి నూటికి మూడున్నర.
ఆ మాట సన్న అక్షరాల్లో ఉంది,
నేనే వెతికి చదివాను.
వలల మీద మా నాన్న తెచ్చిన అప్పు
పడవని తినేసి గూటాన్ని మిగిల్చింది.
ఎలక బొక్కంత గండి చాలు, గట్టు పోవడానికి.
ఐదో తారీఖు దాటితే
ఈ కార్డుని నా కత్తెరే ముక్కలు చేస్తుంది.

"ఇంతకీ పాయింట్లు?"
ఊరికే ఇచ్చే కార్డయితే
విమానం టికెట్టు ఒకటి రావడానికి ఆరేళ్ళు.
దీనికైతే ఏడాదిన్నర.
ఒక్కో పాయింటూ ఒక్కో కుట్టు,
చూస్తే ఏమీ ఉండదు,
ఓ రోజు చూస్తే పువ్వు.
"కాకపోతే మూడేళ్ళలో వాడేయాలండి,
తర్వాత అవే పోతాయి" అన్నాడు.

మూడేళ్ళు.
రాజమండ్రిలో కంటి డాక్టరు కూడా
నూకరత్నానికి దగ్గర దగ్గర అంతే చెప్పాడు.
నరం ఎండిపోతోందమ్మా,
చుక్కల మందు వెయ్యండి, చూద్దాం, అన్నాడు.
ముప్పయ్యేళ్ళుగా ఆవిడ అల్లికలు ఓడలెక్కాయి.
ఆవిడ ఎక్కిన దూరం ఆ ఆస్పత్రి మెట్లే.

నాకు టికెట్టు కొనుక్కోగలను.
రెండోదే ఎప్పుడూ తేలదు.

పంటు వచ్చి రేవుకి గుద్దుకుంది.
సంతకం ఎక్కడో చూపించమన్నాను.
టికెట్టు కుర్రాడి దగ్గర మిషను లేదు,
చిల్లర ఏరి ఇచ్చి ఎక్కాను.

నడి గోదాట్లో గుర్తొచ్చింది,
ఓసారి బల్లగుడ్డ అంచు ముగిస్తూ
నూకరత్నం అడిగింది,
"దీని మీద వాళ్ళు ఏం పెట్టుకు తింటారే?
పులుసు ఒలకబోసుకోరు కదా?"
ఏమో, నేనూ చూడలేదు అన్నాను.