చెవి గుర్తు

జూన్ చివర. అర్ధరాత్రి.
సూర్యుడింకా కొండ మీదే కూర్చున్నాడు,
వెళ్ళొస్తానని చెప్పడం తెలియని చుట్టంలా.
దొడ్డిలో గిరగిర తిరుగుతున్న ఏడొందల రెయిన్‌డీర్లు,
కాళ్ళ కీళ్ళ టకటక, తల్లుల గురగుర,
అన్నిటి మీదా దోమల ముసుగు.

నిప్పు దగ్గర యోవ్నా కొత్త కత్తిని
పురిటి బిడ్డను చూపించినట్టు చూపించాడు.
పొడి చేసి మళ్ళీ ముద్ద చేసిన ఉక్కట,
తుప్పు దాని జాతకంలోనే లేదట,
నాలుగొందల ఇరవై యూరోలట.
మసి కెటిల్‌లోంచి కాఫీ వంచుతూ ముసలి ఆస్లాక్ అన్నాడు:
"చేతిలో ఉండాలి గానీ కత్తిలో ఏముంది?
మా తాత డబ్బారేకుతో చేపలు కోసేవాడు."
"మరి మీ తాతకి ఆ చేతికి మూడే వేళ్ళెందుకు?"
నవ్వులు. కాఫీలో దోమలు.

నేను మాట్లాడలేదు.
ఈ వాదంలో వేయడానికి
నా దగ్గర ఒక చెవి ఉంది.

పదకొండేళ్ళ కిందట, ఇదే దొడ్డి.
రిస్తెన్ అత్త మొదటిసారి నా మోకాళ్ళ మధ్యకి దూడను తోసింది.
మా ఇంటి గుర్తు: ఎడమ చెవి కొన ఏటవాలుగా,
దాని కింద వెనకవైపు రెండు గాట్లు,
కుడి చెవికి ఒక్కటే, పిచ్చుక ముక్కంత.
కళ్ళు మూసుకుని గీయగలను.
కానీ కాగితం తన్నుకోదు.
కాగితం వెచ్చగా ఉండదు.
కత్తి దిగలేదు, నమిలింది.
ఇంకాస్త నొక్కాను. జారింది.
రెండు గాట్లూ కలిసి ఒకటైపోయాయి.

ఆ ఒక్క వెడల్పు గాటు
కొండ అవతల హాన్సా ఇంటివాళ్ళ గుర్తు.
మా దూడను నా చేత్తో నేనే
వాళ్ళ పేరిట రాసిచ్చేశాను.

"కత్తి మొద్దు," అన్నాను, ఏడుపు మింగి,
ఆడలేక మద్దెల ఓడంటారని తెలిసీ.
అత్త తిట్టలేదు.
కత్తి తీసుకుని గోటి మీద ఆనించింది. జారిపోయింది.
"నిజమే, మొద్దే."
మద్దెల నిజంగానే ఓడైన రోజులూ ఉంటాయి.
"నిన్న దీంతో ఏం కోశావు?"
వల తాడు. డబ్బా మూత. తడి బర్చ్ కొమ్మ.
"తర్వాత?"
తర్వాత పడుకున్నాను.

ఇవాళ అత్త లేచి చెయ్యి చాపింది, "ఏదీ, ఇలా ఇయ్యి," అని.
యోవ్నా ఇచ్చాడు, ఊపిరి బిగబట్టి.
తన కత్తి ఆమె నడుముకే వేలాడుతోంది,
ముప్పై ఏళ్ళు నూరీ నూరీ
విల్లో ఆకంత మిగిలిన కత్తి.
మూడు కదలికలు. చప్పుడు లేదు.
లెక్క కోసం చెవి ముక్కల్ని జేబులో వేసుకుంది.
ఏం జరిగిందో తెలిసేలోపే
దూడ తల్లి పొట్ట కింద ఉంది.

కత్తిని తొడకి తుడిచి అంది:
"మంచి ఉక్కు. నా వయసులో ఇది దొరికుంటే
ఈ మణికట్టు ఇలా వంకరపోయేది కాదు."
యోవ్నా ముఖం వెలిగింది. ఆస్లాక్ కాఫీలోకి చూసుకున్నాడు.
"పిడి లావు. చేతొడుగుతో పట్టు చిక్కదు. కాస్త చెక్కు."
"దేంతో?"
తన ఆకుకత్తి తీసి అతని ఒళ్ళో పడేసింది.

ఆ దూడ సంగతా?
ఆ శరత్తులో హాన్సా పెద్దామె ఫోన్ చేసింది:
మీ తల్లి వెంట మా గుర్తుతో ఒక దూడ తిరుగుతోంది,
ఇదేం మాయ, అని నవ్వింది.
ఉంచుకో, అంది అత్త.
ఇప్పుడది ముసలిదైంది. పోయిన వారం ఏటి ఒడ్డున చూశాను.
దోమను విదిలిస్తూ ఎడమ చెవి నా వైపు తిప్పింది.
నా సంతకం, వేరేవాళ్ళ పేరు.

తర్వాతి మంద దిగడానికి ఇంకో గంట ఉంది.
వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, చెయ్యా, ఉక్కా అని.
నేను రాయిని తడిపాను.