ప్రార్థన మనవి

నెలకొక్క శనివారం పొద్దుగూకినంక
మేమిద్దరం రొట్టె కాల్చేటోళ్లం, నేనూ సలోమీ.
పులవని పిండి. ఉప్పు లేదు, నూనె లేదు,
పెంక మీద రెండుసార్లు తిప్పుడు, అంతే.
చండూరు అంగడిల నల్లద్రాక్షలు తెచ్చి
ఉడకబెట్టి పాతచీర పేలికల వడగడితే
అయ్యగారు తెల్లారి దాన్నే రక్తమనేటోరు.
మాకు మాత్రం
రాత్రి వేళ్ల సందుల అంటిన రంగే గుర్తు.

రొట్టె కాల్తుంటే మాటలొస్తయి.
పొయ్యి ముందల మనిషికి దాసుడు చాతగాదు.
గట్లనే ఒకనాడు చెప్పింది:
ఆమె పెనిమిటి జక్కరయ్య, సంఘపెద్ద,
చందా బుక్కు మోసే చేతులతోనే
మల్ల తాళ్లల్లకు పోతుండని.
"ఎవ్వరికి చెప్పకే" అనలేదు.
నాకు గట్ల చెప్పాల్నని
ఆమెకు తోచనే లేదు.

బుధవారం కూడికల అయ్యగారు మనవులడిగిండ్రు.
ఒకామెకు కొడుకు నౌకరి, ఒకామెకు బర్రె ఈనుడు.
నా వంతు వచ్చేసరికి
కండ్లు మూసుకున్న. గొంతు గూడ వణికించిన.
"ప్రభువా, జక్కరయ్యను తాగుడు నుంచి విడిపించు."
ఆమెన్ అనేటోళ్లు ఆమెన్ అనలేదు.
మూసుకున్న నా కండ్లకు
ఇరవై జతల కండ్లు తెరుచుకున్న సప్పుడు వినబడ్డది.

నేనేమన్న చాడీ చెప్పిన్నా? ప్రార్థనే గద చేసిన.
మూడేండ్లు గీ మాటనే
చింతగింజ లెక్క బుగ్గన పెట్టుకొని తిరిగిన.

సలోమి కొట్లాడలేదు. గదే బాధ.
గుడికొచ్చేది, కిటికి కాడి చాప మీద కూసునేది.
జక్కరయ్య వచ్చుడు బందయింది.
చందా బుక్కు ఇంకొకరి చేతికి వోయింది.
రొట్టె నేనొక్కదాన్నే కాల్చిన.
పిండి కలుపుడు ఒక్కదానితోని గాదు,
నీళ్లు పోసే చెయ్యి వేరే, పిసికే చెయ్యి వేరే ఉండాలె.
ఒక్కోసారి మాడింది.
మాడిందాన్ని గూడ విరిచి పంచిండ్రు.
గిన్నె నా కాడికి వచ్చినప్పుడల్ల
తాగినట్టు పెదవి ఆనించి పక్కకిచ్చేదాన్ని.

మా దిక్కు నీళ్ల సంగతి మీకెరుకే.
బోరు నీళ్లు తాగిన బొక్కలు
దేవుని ముందల గూడ వంగయి.
ఇప్పుడు నల్లాల కిష్ణ నీళ్లొస్తున్నయి,
పిల్లల పండ్లు తెల్లగున్నయి, సంతోషమే.
మా మోకాళ్లు మాత్రం పాత నీళ్లయే.

మంచి శుక్రవారం నాడు అందరు మోకరించిండ్రు.
గోడ పట్టుకొని నేనూ మొండిగ దిగిన.
లేవమన్నప్పుడు లేవలేకపోయిన.
పాట ఎత్తుకున్నరు, డోలకు మోగుతుంది,
నిలబడ్డ మనుషుల నడుమ
నాకు కుచ్చిళ్లూ మడిమెలూ తప్ప ఏం కనబడ్తలేదు.
ఎన్కకెళ్లి రెండు చేతులు చంకల కిందికి వచ్చినయి.
కుడి మోకాలి కంటె ఎడమది మొండిదని
ఎరుకైన చేతులు.
ఎడమ దిక్కు బలం పెట్టి, బర్రెను లేపినట్టు, "ఊఁ" అన్నది.
లేచిన. మొకం చూడ ధైర్యం లేక
చాప దిక్కు చూసుకుంట అన్న:
"చాడీయే సలోమీ. ప్రార్థన గాదు."
డోలకు సప్పుట్ల వినబడ్డదో లేదో.

క్షమించిన అని ఆమె అనలేదు.
అంటే నేను నమ్మకపోదును.
బయట చెప్పులు తొడుక్కుంట మాత్రం అన్నది:
"పోయిన నెల రొట్టె మందమయింది.
పిండి జల్లెడ వట్టినవా?"

రేపే శనివారం.
ద్రాక్షల ధర మండుతుందట, ఎండాకాలం గద.
ఆమె వస్తదో రాదో,
రెండో పీట కడిగి ఎండకు పెట్టిన.

జక్కరయ్య ఇంకా ఉన్నడు.
ఆయన ఇంటి ముందటి నుంచి పోవాల్సొస్తే
ఇప్పటికీ నేను చుట్టు తిరిగి పోత.
అదింకా మిగిలిన మనవి.
గది మాత్రం పైకి చెప్ప.