జీర

నవంబరు. వాక్‌లీ గుట్ట మీద నాలుగింటికే చీకటి.
కింద లోయలో షెఫీల్డ్ దీపాలు
ఒక్కొక్కటే కళ్ళు నులుముకుంటున్నాయి.
అటకగదిలో నేను, ఒక పాత సింథసైజరు,
నాలుగు రోజులుగా కుదరని ఒకే ఒక్క శబ్దం.

చెంచాల కార్ఖానా మీద ఎవరిదో చిన్న నాటకం.
దానికో చక్రం కావాలట, మెరుగుపెట్టే చక్రం.
రంపప్పళ్ళలాంటి అలని తీసుకున్నాను.
డిస్టార్షన్ కప్పు కింద నిలబెట్టాను.
తల తగిలిన చోటల్లా అల చదునైపోయి
తెగిన అంచుల్లోంచి జీర పుట్టుకొచ్చింది.
బానే ఉంది. కానీ వాల్యూం ఎంత పెంచినా
పెద్దదవుతోంది తప్ప బరువెక్కడం లేదు,
టీవీలో ఎవరో పోట్లాడుకుంటుంటే
మనం రిమోట్ నొక్కినట్టు.

కింది వాటాలోంచి చీపురుకర్రతో మూడు దెబ్బలు.
సారీ చెబుదామని దిగాను.
"చప్పుడుకి కాదమ్మాయ్," అంది వినిఫ్రెడ్ బాగ్‌షా,
"తప్పుకి కొట్టాను."

పదిహేనో ఏట చేరిందట పనిలో.
తలకి ఎర్రగుడ్డ, కాళ్ళకి గోధుమరంగు కాగితాలు చుట్టుకుని,
మొహమంతా నల్లటి జిడ్డుతో
పదకొండేళ్ళు
చెంచాల వెనకవైపు మాత్రమే.
"ఊరికే తిరిగే చక్రం పాడుతుంది.
చెంచా ఆనించావా, గొంతు దిగుతుంది, గరగరమంటుంది.
గట్టిగా మాత్రం అవదు.
గట్టిగా అరిచిందంటే చెంచా పాడైందనే లెక్క."

పదిహేడు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగింది.
పై స్వరాలు ఆవిడ చెవులకి ఏనాడో అందడం మానేశాయి.
స్పీకరు మీద అరచెయ్యి పెట్టి,
"ఊఁ, కానియ్," అంది.

అప్పుడు చూసుకున్నాను.
డిస్టార్షన్‌కి ముందొక మీట, తర్వాతొక మీట.
తర్వాతది ఎంత వినబడాలో చెబుతుంది.
ముందుది, ఎంత చిరగాలో.
నాలుగు రోజులుగా నేను తిప్పుతున్నది
తర్వాతదాన్ని.

వేలి ఒత్తిడిని ముందు మీటకి కట్టాను.
అక్కడ పెరిగినంతా ఇక్కడ తగ్గేలా చేశాను.
స్థాయిని కూడా ఒక వెంట్రుకవాసి దించాను.
నొక్కితే
శబ్దం అంతే ఉంది,
లోపల మాత్రం ఎవరో పళ్ళు కొరుకుతున్నారు.
మా హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చింది.
ఆవిడ ఒక్కనాడూ అరవలేదు.

వినిఫ్రెడ్ ఏమీ అనలేదు.
స్పీకరు మీద బొటనవేలు మెల్లగా కదిలింది,
ఏదో వంపుని తడుముతున్నట్టు.

"మరి కరెంటు తీసేశాక?"
వేలు తీశాను. శబ్దం టక్కున ఆగింది.
"అలా ఆగదు. మేం కాగితాలు విప్పుకుని,
చేతులు కడుక్కుని, కోట్లు తొడుక్కునేదాకా
తిరుగుతూనే ఉంటుంది."
రిలీజ్ తొమ్మిది సెకన్లు పెట్టాను. "ఇంకా."
పద్నాలుగు. "ఇంకా."
మీట చివరికంటా వెళ్ళి ఆగిపోయింది.

నాకు వినబడ్డం ఆగిపోయింది.
ఆవిడ అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది.

కాసేపటికి చెయ్యి తీసి, గౌనుకి తుడుచుకుని
మెట్ల వైపు నడుస్తూ అంది:
"రేపు ఫోర్కులు చేద్దాం.
పళ్ళ మధ్యకి వెళ్ళినప్పుడు
చక్రం ఇంకో రకంగా తిడుతుంది."