లో వోల్టేజి

జర్మనీ బొమ్మ. యాభై ఏళ్ల కిందటిది.
సినిమాకి అప్పుడే మాటలొచ్చిన కాలంది.
మద్రాసు నుంచి మూడు రేకు డబ్బాల్లో దిగింది
సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో, అరటిగెలల పక్కన.

గాంధీనగరంలో లాయరుగారి మేడ మీద
దుప్పటి కట్టి, నాలుగు మూలలా పురికొస బిగించి
ప్రొజెక్టరు నేనే తిప్పాను.
రేడియోలు బాగుచేసేవాణ్ణి, నాకు జర్మనీ రాదు.
వచ్చిన పదిహేడు మందిలో ఎవరికీ రాదు.
సెక్రటరీగారు కథ చెప్పబోయి
సోడా తాగి కూర్చున్నారు.

పదిహేడో మనిషి కనకలింగం గారు.
హనుమాన్‌పేట నుంచి నడిచొచ్చారు,
చేతిలో గొడుగు, వాన లేదు.
ఒకప్పుడు ఆయన చీర కడితే
కంకిపాడు నుంచి బళ్లు కట్టుకొచ్చేవాళ్లట.

తెర మీద ఇంకో తెర లేచింది.
ఊరూరా తిరిగే ఆటగాళ్లు.
పెట్టెలు, పెట్టెల మీద నిద్రపోయే పిల్లలు,
అద్దం ముందు ఒకామె.
"సఫేదా ఎక్కువైంది" అన్నారు కనకలింగం గారు, తనలో తాను.
మేనేజరు వసూళ్లు లెక్కపెట్టి
సగం లోపలి జేబులో వేసుకున్నాడు.
"వీడు మావాడే."
ఆ ఒక్క ముక్కతో మాకు కథంతా తెలిసిపోయింది.

ఆమె పాట ఎత్తుకుంది.
కదలకుండా, ఒకే చోట,
పూలకుండీ వైపే వంగి.
"మైకు ఆ కుండీలో పెట్టారు" అన్నారాయన.
"నన్నూ ఇట్లాగే నిలబెట్టారు, టెస్టుకని.
అరటిచెట్టు వెనక దాచి
చెట్టుకి పాడమన్నారు.
నేను జనానికి పాడాను."
తర్వాత ఏమైందో చెప్పలేదు.
గొడుగు పిడి ఒళ్లోకి సర్దుకున్నారు.

పాట అయింది. అక్కడి జనం చప్పట్లు కొట్టారు.
మేం కొట్టలేదు. బొమ్మకి ఎవరు కొడతారు?
ఆయన లేచారు.
నీడ దుప్పటి మీద పడి ఆమె నడుందాకా వచ్చింది.
"వన్స్‌మోర్!"

ఎవరో కిసుక్కుమన్నారు.
నా చెయ్యి దానంతటదే
రివర్సు మీట మీదకి పోయింది.
చప్పట్లు అరచేతుల్లోకి వెనక్కెళ్లాయి.
పాట ఆమె నోట్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ పాడింది.
అదే ఊపిరి, అదే చోట అదే చెయ్యి.
"అదేంటి, ఉన్నదున్నట్టే పాడుతోంది?
వన్స్‌మోర్ అన్నాక
రాగాన్ని ఇంకో వీధిలోకి తిప్పాలి గదా.
పాపం, ఎవరో కట్టేశారు దాన్ని."

సరిగ్గా ఎనిమిదిన్నర.
బెజవాడంతా నీళ్ల మోటార్లు వేసుకునే వేళ.
వోల్టేజి పడింది.
బల్బు ఎర్రబడింది, చక్రం బరువెక్కింది,
ఆమె గొంతు మెట్టు మెట్టు దిగింది,
దిగి దిగి మంద్రంలో నిలబడింది.
పెదాలు ఆడమనిషివి, పాట మగమనిషిది.
అక్షరాన్ని పట్టి సాగదీసి
ఎవరూ ఆగని చోట ఆగి
అక్కణ్ణించి కొత్తగా ఎత్తుకుంటోంది.

ఆపెయ్యాలి. అంత నెమ్మదిగా నడిస్తే
ఫిల్ము కాలుతుందని నాకు తెలుసు.
ఆపలేదు.

కనకలింగం గారు కూర్చోలేదు.
కుడిచెయ్యి చెవి దగ్గరకి పోయింది.
ఎడమచెయ్యి
లేని కొంగుని వేలికి చుట్టుకుంది.
"ఆఁ" అన్నారు, "ఇప్పుడు పాడావమ్మా."
ఆ తర్వాత వినబడిన గొంతు
స్పీకర్లోదా, ముందు వరసలోదా
పక్కనే ఉన్న నేను కూడా చెప్పలేను.

కరెంటు మొత్తం పోయింది.
చీకట్లో రైవస్ కాలవ కప్పలు,
కాలిన వాసన.

కాలినంత మేర కత్తిరించి, అతికించి పంపాను.
పన్నెండు రూపాయలు జరిమానా రాశారు.
ఆ ముక్క నా టంకం డబ్బాలో ఉంది.
కిటికీకి ఎదురుగా పట్టుకుంటే
ఒకామె నోరు తెరుచుకుని ఉంటుంది.
ఏ స్థాయిలో పాడుతోందో తెలీదు.
పక్కన, సగం కాలి, పూలకుండీ.